బోధన్ ఇంట్లో పొంగిన పాలు

ఇల్లు కొంటున్నానని చెప్పిన రోజున మా అన్న నవ్వలేదు. నవ్వినా ఊరుకునేవాణ్ణి. బాల్కొండలో మా చేను గట్టున పసుపు ఉడుకుతోంది. కట్టె కొనతో మంట ఎగదోస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"అద్దెకిచ్చుడేందిరా? మనమేమన్న సత్రమోళ్ళమా?"

పక్కన వదిన ఉంది, ఇద్దరు జీతగాళ్ళున్నారు. ఒంటరిగా పిలిచి అంటే అది సలహా. నలుగురిలో అన్నాడు కాబట్టి అది వేరే. ఆ తేడా నేను ఇప్పటికీ మరచిపోలేదు.

నేను ఊరికే ఆశపడలేదు. అంతకుముందు బోధన్ పోయినప్పుడు కళ్ళారా చూశాను. చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో ఫిట్టర్లు, మేస్త్రీలు, తూకం గుమస్తాలు వస్తున్నారు. తలదాచుకోవడానికి చోటు లేదు. ఒక ఫిట్టరు కోమటి అరుగు మీద చాప వేసుకుని, ఆ అరుగుకు కూడా అద్దె కడుతున్నాడు. అరుగుకే అద్దె వచ్చే ఊళ్ళో గదికి ఎందుకు రాదు? చెరుకు ఆడే నాలుగైదు నెలలు గదులు నిండితే చాలు, తక్కిన నెలలు ఖాళీగా ఉన్నా నష్టం లేదనుకున్నాను.

చేనులో నా వాటా అన్నకే అమ్మేశాను. ఫ్యాక్టరీ బాటకు రెండు సందుల ఇవతల ఒక విధవ అవ్వ ఇల్లు అమ్ముతోందని తెలిసింది. పెద్ద వాకిలి, చేదబావి, వరసగా రెండు గదులు, వెనక ఒక కొట్టం. పైకం నేను ఆమె చేతిలో పెట్టినప్పుడు పక్కన మా అన్న ఒక్కడే ఉన్నాడు. రిజిస్ట్రీ నిజామాబాదులో చేయాలి. "గిప్పుడు నా బిడ్డ నిండు నెలలతో ఉన్నది, పంటలు కోసినంక వస్త" అంది అవ్వ. సరేనన్నాను. నమ్మాను కాబట్టి అన్నాను.

ఇల్లు ఖాళీ చేసే రోజున ఆమె వాకిట్లోని రోలు తవ్వుకుపోతానంది. భూమిలో పాతింది ఇంటితోనే వస్తుందన్నాను. ఆమె ఏమీ అనకుండా పోయింది. న్యాయం నా వైపే ఉంది కనుక నేను దాన్ని అంతటితో వదిలేశాను.

వానాకాలమంతా పని చేయించాను. కొట్టాన్ని తడికలతో రెండుగా చేసి మట్టి మెత్తించాను. నాలుగు గదులయ్యాయి. గదికొక పొయ్యి వేయించాను. పొయ్యి ఉమ్మడిగా ఉంటే కొట్లాటలేనని అరుగు మీది ఫిట్టరు ముందే చెప్పాడు. అతనే నా మొదటి కిరాయిదారు. దెగ్లూరు దిక్కు నుంచి వచ్చినవాడు, భార్య ఉంది, పిల్లలు లేరు. ఆమె నన్ను మొదటి మాట నుంచీ "అన్న" అనే పిలిచింది.

కార్తీకంలో ముహూర్తం పెట్టించాను. పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో ఎవరూ కాపురం పెట్టరు. నా భార్య ఇందల్వాయిలో పుట్టింట పురిటిలో ఉంది. మా అమ్మ లేదు. తోడబుట్టిన ఆడబిడ్డలు లేరు. వదినను పిలవడానికి కబురు పంపితే, "సత్రంల నేనెందుకు పొంగియ్యాలె" అన్నదట. ఆ మాట తెచ్చినవాడు నవ్వుతూ చెప్పాడు. అతని నవ్వు కూడా నాకు గుర్తుంది.

ముహూర్తం దాటితే మళ్ళీ రెండు నెలల వరకు లేదన్నాడు పంతులు. చెరుకు బండ్లు అప్పటికే బాట మీద బారులు తీరుతున్నాయి. నేను గిన్నె, పాలు తెచ్చి ఫిట్టరు భార్యతో అన్నాను. "చెల్లె, నా పెండ్లాం పురిటిల ఉన్నది. నువ్వు పొంగియ్యి."

ఆమె తలంటుకుని వచ్చి ముందు గదిలో పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి. ఆమె చేత్తోనే పాయసం వండి వాడలో పది ఇండ్లకు పంచింది. ఆ వారంలోనే నాలుగు గదులూ నిండాయి. నేను బాల్కొండ వెళ్ళి అన్న ముందు ఆ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాను.

మాఘంలో ఒక ఆదివారం ఇందల్వాయి నుంచి బోధన్ పోయేసరికి గాలి తేడాగా ఉంది. మూడో గది మేస్త్రీ నన్ను చూసి తల తిప్పుకున్నాడు. గట్టిగా అడిగితే అన్నాడు.

"తప్పు పట్టకు అన్న. అద్దె ఎవరికియ్యాలెనో తెలుస్తలేదు. ముంగటర్రాయన ఇల్లు నాదేనంటున్నడు."

ముందు గది ఫిట్టరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"అవ్వ నాకమ్మింది. నువ్వు బాగు చేయించినవ్ గదా, ఆ ఖర్సు ఇస్త తీస్కో."

చేను అన్నకు పోయింది, ఇల్లు వీడికి పోతే నేను బాల్కొండలో అన్న చేలో జీతం చేయాలి. ఇందల్వాయిలో బాలింత, మూడు నెలల పసిది. ఊళ్ళో ఇండ్ల ధర అప్పటికే రెట్టింపైంది. అవ్వకు మనసు మళ్ళిందని, వీడు ఎక్కువ ఇవ్వజూపాడని అర్థమైంది.

నేరుగా ఊరి తగవులు తీర్చే మాలీ పటేల్ దగ్గరికి పోయాను. మరునాడు పొద్దుటే ఆయన అందర్నీ తన ఇంటి ముందుకు పిలిపించాడు. ఫ్యాక్టరీ కూత వేసిన తర్వాత మొదలైంది పంచాయతీ. బెల్లపు మడ్డి వాసన ఆ వీధంతా అలుముకుని ఉంది. నాకు ఆ రోజు నుంచి ఆ వాసన పడదు.

"నేను గీయనకే ఇచ్చిన" అని అవ్వ ఫిట్టరును చూపింది. నా వైపు కన్నెత్తలేదు.

"పైసలు ఎవల ముంగట ఇచ్చినవ్?" అని పటేల్ నన్నడిగాడు.

"మా అన్న ముంగట."

"పిలిపియ్యి మరి. బాల్కొండ ఎంత దూరం?"

"పిలువ."

"ఎందుకు పిలువవ్?"

"ఆయన నన్ను నలుగురిల సత్రమోడన్నడు."

జనం నవ్వారు. పటేల్ నవ్వలేదు. "ఇల్లు పోతదిరా పిచ్చోడా" అన్నాడు. నేను తల ఊపలేదు. అన్న వచ్చి సాక్ష్యం చెబితే, ఆ ఇంటి ప్రతి ఇటుక మీదా ఆయన మాట ఉండేది. అలాంటి ఇల్లు నాకు వద్దు. అప్పుడూ ఇదే అనుకున్నాను, ఇప్పుడూ ఇదే అంటాను.

పక్కింటి బీడీ ఆకుల వ్యాపారి లేచాడు. ఆయన మూడు గిన్నెల పాయసం తాగినవాడు.

"చూసింది చెప్త పటేలా. కార్తీకంల పాలు పొంగించింది ఫిట్టరు భార్య. మా ఇంటికి పాయసం తెచ్చింది ఆమెనే. పరాయోళ్ళ ఇంట్ల ఏ ఆడిదన్న పాలు పొంగిస్తదా? ఇల్లు ఎవలదైతే వాళ్ళే పొంగిస్తరు." నా ముఖం చూడకుండా, ఎదురుగా ఉన్న గోడకు చెప్పాడు ఇదంతా.

చాలామంది అవునన్నట్టు తలలూపారు. వాళ్ళందరూ ఆ పాయసం తాగినవాళ్ళే.

"నా చెల్లె లెక్క పొంగించింది" అన్నాను. "ఆడబిడ్డ పొంగిస్తే అన్న ఇల్లు కాకుండ పోతదా?"

పటేల్ కాసేపు మీసం సవరించుకున్నాడు.

"మంచి మాటనే. ఆడబిడ్డ పాలు పొంగిస్తే అన్న రవికె గుడ్డ పెడ్తడు, బొట్టు పెట్టి పంపుతడు. నువ్వు పెట్టినవా?"

పెట్టానని చెప్పవచ్చు. చూసినవాళ్ళు లేరు, పెట్టలేదని చూసినవాళ్ళూ లేరు. కాని ఆమె అక్కడే ఉంది, ఆడవాళ్ళలో, దర్వాజ పక్కన. నా భార్య వచ్చాక ఏకంగా చీరే పెడదామని ఆ రోజు ఊరుకున్నాను. అది పిసినారితనం కాదు. కాని పంచాయతీలో ఆ వివరం చెబితే ఎవరు నమ్ముతారు?

"పెట్టలే" అన్నాను.

"అయితే చెల్లె ఎట్లయింది?"

ఫిట్టరు తలపాగా సర్దుకున్నాడు. ఆకుల వ్యాపారి కూర్చున్నాడు, తన పని అయినట్టుగా. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఒప్పుకున్నట్టవుతుందని.

"ఆమెను అడుగుండ్రి" అన్నాను.

"ఆడిదానికేం ఎరుక" అన్నాడు ఫిట్టరు.

"పాలు పొంగించింది నువ్వా, ఆమెనా?" అన్నాడు పటేల్. ఈసారి జనం నవ్వింది ఫిట్టరును చూసి.

ఆమె ముందుకు రాలేదు. దర్వాజ పట్టుకునే మాట్లాడింది.

"పాలు ఆ అన్ననే తెచ్చిండు. గిన్నె ఆయనదే. చెల్లె, నువ్వు పొంగియ్యి అన్నడు, పొంగించిన. రవికె గుడ్డ పెట్టలే, నిజమే. పెట్టకుంటే ఇల్లు నాదైతదా?"

"నోరు మూయ్" అన్నాడు ఫిట్టరు.

"మూస్త. పాలు పొంగేటప్పుడు, ఈ అన్న ఇల్లు సల్లగుండాలె అని మొక్కిన. గదే నోటితోని ఇల్లు మాదని ఎట్లనాలె? ఏమన్న అయితే పాపం ఎవలకు తగుల్తది? నాకే గదా."

ఫిట్టరు నేల చూశాడు. పటేల్ అవ్వ వైపు తిరిగాడు. ఆమె మాట్లాడింది ఇంటి గురించి కాదు.

"ముప్పై ఏండ్లు రుబ్బిన రోలు. తీస్కపోనియ్యలే వీడు."

"రోలు కోసం ఇల్లు మార్చిపెట్టినవా అవ్వా?"

"మరి వీడు రోలు కోసం నన్ను వాకిట్ల నిలవెట్టలేదా?"

పటేల్ తీర్పు చెప్పాడు. ఇల్లు నాది. ఫిట్టరు దగ్గర తీసుకున్నది అవ్వ తిరిగి ఇవ్వాలి, వచ్చే గురువారం నిజామాబాదు వచ్చి రిజిస్ట్రీలో వేలిముద్ర వేయాలి. ఆమె వచ్చింది, వేసింది. రోలు ఆమెకు ఇవ్వాలన్నాడు. తప్పని చెప్పాను, అయినా ఇచ్చాను. ఇక నేను వెంటనే బజారుకు పోయి రవికె గుడ్డ తెచ్చి అందరి ముందు ఆమెకు పెట్టాలన్నాడు.

తెచ్చాను. ఆకుపచ్చది, మంచి అంచున్నది. ఆమె చేయి చాచలేదు.

"ఆ దినం పెడ్తే కండ్లకద్దుకుంటుంటి. గిప్పుడు పంచాయతీ పెట్టిచ్చిన గుడ్డ నాకెందుకన్నా?"

ఆ మాట నన్ను కోసింది. ఆమె వల్ల ఇల్లు నిలబడింది, అది నేను కాదనను. కాని అంత మందిలో చాచిన చేతిని అలా వదిలేయడం కూడా ఆమె చేసిందే. రెండూ నా లెక్కలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు.

సీజను అయ్యేదాకా వాళ్ళను ఉండనిమ్మన్నాడు పటేల్.

"ఆమె ఉండొచ్చు. ఆయన పోవాలె" అన్నాను.

"ఆలుమగల తీర్పు నేను చెప్పలేను గాని, నువ్వు మాత్రం బాగనే చెప్పినవ్" అన్నాడాయన. ఆ రోజు అందరూ నవ్వింది నిజంగా అప్పుడే.

మర్నాడు పొద్దున వాళ్ళు సామాను బండికెత్తారు. ఆమె గది అలికి, పొయ్యి బూడిద తీసి పోసి, బండి ఎక్కింది. ఫిట్టరు క్షమించమని అనలేదు. అతను ఆ మాట అనాల్సింది.

బండి సందు తిరిగి ఎంతోసేపు కాలేదు, ఆకుల వ్యాపారి వాకిట్లోకి వచ్చాడు.

"అన్నా, ముంగటర్ర ఖాళీ అయింది గదా. మా బామ్మర్దికి ఫ్యాక్టరీల పని దొరికింది. ఉంటడు."

"నిన్న గోడకు సాక్ష్యం చెప్పినవ్. గోడనే అడుగు."

"చూసిందే చెప్పిన అన్నా. పాలు పొంగించింది ఆమెనే గదా?"

అది నిజమే, అదే నాకు కోపం. సీజనులో ఖాళీ గది ఒక్క రోజున్నా నష్టమే, అతనికీ అది తెలుసు. మేస్త్రీని, తక్కిన గదులవాళ్ళను బయటికి పిలిచాను. వాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"గీ ఇల్లు ఎవలది? వీళ్ళందరికి ఇనవడేటట్టు చెప్పు. చెప్తే గది ఇస్త."

అతను ఎడమకూ కుడికీ చూశాడు. గొంతు సవరించుకుని, నా ముఖం చూసి చెప్పాడు.

గది ఇచ్చాను.