కనకలక్ష్మి అతుకు

బాచుపల్లి శిక్షణ కేంద్రంలో ఏసీ రిపేరు నేర్పే కనకలక్ష్మి, రాగి గొట్టాన్ని వేలితో నిమిరి చూశాకే మంట పెడుతుంది. ఆ రోజు ఆమె టీచర్ లైసెన్సు రెన్యువల్ పరీక్ష. గంటలో గొట్టం అతకాలి. తప్పితే సోమవారం నుంచి క్లాసు లేదు. ఇంకా పది నిమిషాలుండగానే ఆమె అతికిన గొట్టంలో పరీక్షాధికారి గాలి నింపాడు. మీటరు ముల్లు కిందికి దిగలేదు, అంటే గాలి ఎక్కడా కారనట్టే.

"పాసైనట్టే అమ్మా, సంతకం పెడ్త."

"జర ఆగుండ్రి సార్," అంటూ ఆమె అతుకు మీద సబ్బు నురగ పూసింది. ఆవగింజంత బుడగ లేచింది, గాలి కారుతోంది.

"మీటరే ఊకుంది, నీకేంది పరేషాన్?"

"నన్ను జూసి క్లాసు పిల్లలు గూడ రేపు గిట్లనే అతుకుతరు సార్."

ఆమె గాలి వదిలి, అతుకు కోసి, మళ్లీ మంట పెట్టి అతికింది. నిమిషం మిగిలుండగా గాలి నింపి నురగ పూసింది. పరీక్షాధికారి ఈసారి మీటరు వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, నురగనే చూసి సంతకం పెట్టాడు.