‘అయ్యింది’ అంటే చాలదు

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు చిక్కబళ్ళాపురంలోని ఒక చిన్న హోటల్లో నా ముందు రాగిముద్ద, బస్సారు పెట్టారు. ఆకుకూర, పప్పు ఉడికించి వంచిన నీళ్ళతో చేసే చారు అది. పోపులోని వెల్లుల్లి వాసన నేను మొదట పనిచేసిన బడి వంటగదిది. కాసేపు తినలేకపోయాను. నాగరత్నమ్మ మేడమ్ చనిపోయి అప్పటికి పదిహేను రోజులు. తర్వాత తిన్నాను. తినకుండా లేస్తే ఆమె మెచ్చేది కాదు.

ఆమె బాగేపల్లి తాలూకాలో, పాతపాళ్య దగ్గరి ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలు. నేను లెక్కల మాస్టరుగా చేరింది అక్కడే. ఆ బడిలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. ఉదయం పేరు పిలిస్తే పిల్లలు ‘ఎస్ మేడమ్’ అనరు. పొద్దున ఏం తిన్నారో చెబుతారు. ‘సంగటి’, ‘చిత్రాన్నం’, ‘టీ, బన్ను’, ఒక్కోసారి ‘ఏమీ ల్యా’. ఆమె దాన్ని హాజరు పట్టీలో పేరు పక్కన పెన్సిలుతో రాసుకునేది. ఏమీ తినని వాళ్ళను పాఠం మొదలవకముందే వంటగదికి పంపేది. ఏ పిల్లైనా మందకొడిగా ఉందనో, ఊరికే ఏడుస్తోందనో మేము చెప్పబోతే, "ముందు పట్టీ చూడప్పా" అనేది. నాకది చాదస్తంగా తోచేది.

మా నాన్న పోయిన ఏడాది అది. బాగేపల్లిలో ఒక గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఒక్కడికోసం పొయ్యి వెలిగించడం ఎందుకనిపించేది. టీ, బిస్కెట్లతో నెలలు గడిచాయి. ఎవరికీ తెలియలేదు. మా వైపు ఎవరు కలిసినా మొదట ‘ఊటా అయ్యిందా?’ అంటారు, భోజనం అయ్యిందా అని. అవతలివాళ్ళు ‘అయ్యింది’ అంటారు. అది పలకరింపు, ప్రశ్న కాదు. నేనూ రోజుకు నాలుగుసార్లు అయ్యిందనేవాణ్ణి. ఈలోగా నిద్ర పట్టకుండా పోయింది. బోర్డు మీద లెక్క సగంలో మరిచిపోయేవాణ్ణి. ఉద్యోగమే కాదు, బతుకూ వద్దనిపించేది. ఒకరోజు ఏడో తరగతిలో ఒక అమ్మాయి నవ్విందని, ఆమె ఏడ్చేదాకా తిట్టాను. ఆ సాయంత్రమే రాజీనామా రాశాను.

మరునాడు కాగితం జేబులో పెట్టుకుని ఏడో తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మేడమ్ హాజరు పిలుస్తోంది. చివరి పేరు అయ్యాక తల ఎత్తకుండానే నా పేరు పిలిచింది.

"శ్రీనివాసా."

"అయ్యింది మేడమ్," అన్నాను.

తరగతంతా నవ్వింది. ముందురోజు నేను ఏడిపించిన పిల్ల లేచి, "అట్లంటే చాల్దు సార్. ఏం తింటిరో చెప్పల్ల" అంది.

ఆలోచించాను. ముందురోజు తిన్నది కూడా గుర్తుకు రాలేదు. "టీ," అన్నాను.

"బన్ను గూడా ల్యా?" అంది ఆ పిల్ల.

మేడమ్ నన్ను వంటగదికి తీసుకుపోయింది. ముద్ద, బస్సారు పెట్టించి, పిల్లలకోసం ఉడికించిన గుడ్లలో ఒకటి తీసుకుని పెంకు ఒలవసాగింది. ఆమెది గుళ్ళో పూజలు చేసే ఇల్లు. గుడ్డు ఎన్నడూ నోట పెట్టి ఎరగదు.

"మీరు..." అన్నాను.

"నేను తిననప్పా. ఒలిచేదానికేమి? నువ్వు తిను."

కాగితం ఇచ్చాను. చదివి మడిచింది. "ముద్ద చల్లారతాండాది. ఇది యాడికీ పోదు" అంది. తర్వాత అడగకుండానే చెప్పింది.

"మా చెల్లెలు ఇట్లే ఉండె. టీ తాగేది, మూలన కూచునేది. మనసు బాగలేదని మేమేం చేస్తిమో తెలుసునా? వారానికి రెండు ఒక్కపొద్దులు పట్టిస్తిమి. తిననిదాన్ని ఇంకా పస్తు పెడితిమి. నేనే దగ్గరుండి చేయిస్తి."

"ఇప్పుడెట్లుండారు?"

"ఉండాది. నన్ను గుర్తు పడతాది. అంతే."

మళ్ళీ తనే అంది: "మీ నాయన పోయిన దుఃఖం సంగటితో పోతాదని చెప్పనప్పా. కానీ ఖాళీ కడుపుతో రాసిన కాగితం నేను తీసుకోను. రేపు డాక్టరు దగ్గరికి పోదాం."

చింతామణికి బస్సులో తనే తీసుకుపోయింది. రక్తం తక్కువగా ఉంది, ఒక విటమిను బాగా పడిపోయింది. వీటివల్ల కూడా మతిమరుపు, దిగులు రావచ్చనీ, దుఃఖానికి వేరే వైద్యం కావాలనీ, రెండూ చూసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. మాత్రలు రాసి, మానసిక వైద్యుడి దగ్గరికీ పంపాడు. మొదటి వారం ముద్ద గొంతు దిగలేదు. మేడమ్ ఎదురుగా కూర్చుని తన పెరుగన్నం తినేది. రెండు నెలలు గడిచాక ఒకరోజు పెద్ద లెక్క ఒకటి ఆగకుండా చివరిదాకా చేశాను. తరగతి బయటికి వచ్చాక గాని ఆ సంగతి గమనించలేదు. రాజీనామా ఏమయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఏళ్ళ తర్వాత ఒకసారి, మీవల్లనే నిలబడ్డానని ఆమెతో అన్నాను. "బాగుండాది. ఈ పొద్దు ఏం తింటివి?" అంది.

ఇప్పుడు నేను చింతామణిలో పనిచేస్తున్నాను. ఎవరైనా అయ్యిందంటే రెండో ప్రశ్న అడుగుతాను. కొందరికి అది నచ్చదు. అయినా అడుగుతాను. ఒకరిద్దరు జవాబు చెప్పలేక నా ముందే ఏడ్చారు. వాళ్ళతో పాటు కూర్చుని తినడం ఆమె దగ్గర చూసి నేర్చుకున్నదే.

పోయిన వారం పాతపాళ్య దగ్గరి ఆ బడికి వెళ్ళాను. హాజరు ఇప్పుడు ఫోనులో వేస్తున్నారు. పొద్దున ఏం తిన్నారని పిల్లల్ని అడగడం లేదు.