గోలెంలో కొర్రమట్టలు

మొన్న స్టాఫ్ రూములో మా అటెండరు టీని సాసర్లో పోసుకుని సర్రుమని జుర్రాడు. పక్కనున్న కుర్ర లెక్చరర్లు మొహాలు చిట్లించారు. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. ఆ జుర్రు మీదే నేను డాక్టరేటు తీసుకున్నాను మరి. నవ్వకండి, నిజమే! చేప తిండిని నోట్లోకి ఎలా లాక్కుంటుంది, ఆ లాగుడులో ఏ ఎముక ముందు కదులుతుంది, నీళ్లు ఎటు పరుగెడతాయి అన్నది నా పరిశోధన. ఆ రోజుల్లో ఒక మనిషిని చూసి కుళ్లుకున్నంతగా నేను మరెవర్నీ చూసి కుళ్లుకోలేదు. మా తోడికోడలు వడ్డాణం చేయించుకున్నప్పుడు కూడా ఇంత లేదు.

రెండు వేల పదకొండులో మేం శంషాబాద్‌లో ఒక మేడ మీద వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మా వారికి ఎయిర్‌పోర్టు సరుకుల విభాగంలో ఉద్యోగం, నాకు కాలేజీలో జువాలజీ పాఠాలు. కింద ఇంటి ఓనరమ్మ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అనేదాన్ని. పొలం విమానాశ్రయం కింద పోయాక బర్రెల్ని అమ్మేశారు. వాటికి కుడితి పెట్టే సిమెంటు గోలెం ఒకటి వాకిట్లో మిగిలింది. "బర్రెలు పోయినయి, గోలెం ఎండిపోయుంటె ఇల్లు మంచిగ కొడతలేదు మేడం," అని కందుకూరు దిక్కు చెరువు నుంచి నాలుగు కొర్రమట్ట చేపల్ని తెప్పించి అందులో వదిలింది. అవి ఎగిరి దూకకుండా పైన పాత ఇనుప జాలీ. పొద్దున్నే గాజుల చేత్తో గోలెం అంచుమీద టకటకా కొట్టేది. అంతే, నాలుగూ మూతులు పైకెత్తేవి. ఎర్రను, అంటే వానపామును, చేత్తో పట్టుకుని నీళ్లలో ముంచితే చప్పున లాక్కునేవి. నేను మెట్ల మీద నిలబడి చూసేదాన్ని. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని కదా, ఈ మెట్ట ప్రాంతంవాళ్లకి చేపల గురించి ఏం తెలుసు అని లోలోపల ఒక పొగరు.

ఆ పొగరు ఎన్నాళ్లో నిలవలేదు. అప్పటికి నా పరిశోధనకు గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించేది లేదని చెప్పేశారు. మా గైడ్ గారు ఎవరినో బతిమాలి, సెకనుకు వందల బొమ్మలు తీసే కెమెరాను పది రోజులకు ఇప్పించారు. అద్దాల తొట్టి కొన్నాను, లైట్లు పెట్టాను, వెనక గళ్ల కాగితం అతికించాను, ఓనరక్కను అడిగి ఒక కొర్రమట్టను అందులోకి దించాను. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. అది తినదే! ఎర్ర వేస్తే పట్టించుకోదు, చిన్న చేపపిల్లను వేస్తే మూలకు పోతుంది. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు అక్క పైకి వచ్చి తొట్టి అద్దం మీద గాజులతో టకటక కొట్టి, ఎర్ర పట్టుకున్న చేతిని నీళ్లలో పెట్టింది. వెధవ చేప పరుగెత్తుకొచ్చి గుటుక్కున మింగింది. కెమెరా నొక్కడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాను. మా అమ్మాయి చప్పట్లు కొట్టి, "అమ్మా, అది ఆంటీ దగ్గరే తింటుంది!" అంది. దాని వీపు మీద ఒకటి వేయాలనిపించింది.

ఆ తర్వాత ఒక రోజు అక్క కొత్తూరులో చెల్లెలింటికి వెళ్లింది. ఇదే సందనుకుని నేను బజారుకెళ్లి, ఆమె వేసుకునేలాంటి ఆకుపచ్చ గాజులు డజను కొని తొడుక్కున్నాను. జువాలజీ లెక్చరర్ని, నలభై దాటినదాన్ని, చేప ముందు గాజులు ఆడిస్తూ కూర్చున్నాను! అది ఒక్కసారి నా వంక చూసి వెనక్కి జరిగింది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా వారు గుమ్మంలో ఆగి, "ఏంటోయ్, చేపకి పెళ్లిచూపులా?" అన్నారు. ఆ పూట ఆయనకి కూర చేయలేదు, పచ్చడితోనే పెట్టాను.

చివరికి గతిలేక నాలుగు చేపల్నీ ఒక్కొక్కటిగా తొట్టిలోకి దించి, అక్క చేత్తోనే తీశాను. ప్రతి బొమ్మలోనూ ఒక పక్క ఆమె చెయ్యి. మా గైడ్ గారు చూడ్డానికి వచ్చారు. నా లెక్కల కాగితాలు అయిదు నిమిషాలు తిరగేసి, కిందకు దిగి గోలెం పక్కన స్టూలు వేసుక్కూర్చున్నారు. గంటసేపు! అక్క చెబుతుంటే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఆరేళ్లలో నేను చెప్పిన మాట ఒక్కటీ ఆయన రాసుకోగా చూడలేదు. బట్టలు ఆరేసే నెపంతో పైనుంచి వంగి వింటూ, ఆరిన చీరనే మళ్లీ పిండాను.

అసలు దెబ్బ ఆ మర్నాడు తగిలింది. అక్క మా కోసం జొన్నరొట్టెలు తెచ్చి, కంప్యూటరులో తన చేపను నిదానంగా ఆడిస్తుంటే నిలబడి చూసింది.

"గిది కొరుకుతలేదు మేడం. మనం చాయ్ జుర్రినట్టు జుర్రుతది."

"అవునక్కా, అదే నేను రాస్తున్నది," అన్నాను. తాతకు దగ్గులు నేర్పుతోందని లోపల విసుక్కున్నాను.

"గది కాదు. జర ఎన్కకు పోనియ్యి. నోరు తెర్వకముందుగాల సూడు, బుగ్గలు లోపటికి నొక్కుకుంటది. లోపటి నీళ్లు ఎల్లగొట్టి ఇగ గుంజుతది. గిన్నె ఖాళీ జేస్తెనే గద నింపుకునేది!"

"అది ఊపిరి తీసుకోవడం లెండి," అన్నాను.

ఆమె కిందకు దిగగానే తలుపు వేసి మళ్లీ చూశాను. చేప నోటిలోని నీటిని ముందు పిండేస్తోంది. తర్వాత నోరు తెరిచి, బుగ్గలు ఒక్కసారిగా విప్పుతోంది. నీళ్లతోపాటు ఎర్ర లోపలికి వచ్చి పడుతోంది. ఆఖర్న మొప్పల మూతలు తెరుచుకుని ఆ నీళ్లు వెనకనుంచి బయటికి పోతున్నాయి. ముందు గట్టిగా పిండుకున్న ప్రతిసారీ లాగుడు బలంగా ఉంది. అన్ని బొమ్మల్లోనూ ఉంది! ఊపిరేలే అని నేను లెక్కలోంచి పక్కన పారేసిన మొదటి బొమ్మలు అవే. ఏడుపొచ్చింది. కష్టం నాది, చదువు నాది, చూపు ఆవిడది. నా కళ్లెదుట ఉన్నది నాకెందుకు కనపడలేదు?

నా సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం అదే. 'పరిశీలనలో తేలినది' అని రాశాను. వైవాలో ఒక పెద్దమనిషి మెచ్చుకుని, ఇది మీకెలా తట్టిందమ్మా అని అడిగితే, చాలాసార్లు చూడగా చూడగా అన్నాను. మా గైడ్ గారు తలవంచుకుని కళ్లద్దాలు తుడుచుకున్నారు. కృతజ్ఞతల పేజీలో జిరాక్స్ షాపతనికి కూడా చోటిచ్చాను. అక్క పేరు రాయబోతే కలం కదల్లేదు. రాస్తే అందరూ ఆవిడనే పొగుడుతారన్న భయం, అంతే. సిగ్గువిడిచి చెబుతున్నాను.

వైవా అయిన సాయంత్రం అక్క పాయసం చేసి, "మా మేడం డాక్టరమ్మ అయింది" అంటూ వాడంతా పంచింది. తర్వాత నా పుస్తకం చూపించమంది. చదువు రాదు, బొమ్మలైనా చూస్తానంది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. "గిది పెద్దది... గిది తోకకాడ మచ్చున్నది," అంటూ ఒక్కోదాన్నీ గుర్తుపట్టింది. రెండు పేజీలు ముందుకు తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"మేడం, నా చెయ్యేది?"

"బొమ్మకి చోటు చాలలేదక్కా. కొంచెం కత్తిరించాల్సొచ్చింది."

"గట్లనా," అంది. కోపం లేదు. గాజులు వెనక్కి తోసి, తన చేతిని పేజీ మీద, చేప మూతికి ఎదురుగా ఆనించి పెట్టింది. "గీడ ఉండె," అంది. కాసేపు అలాగే ఉంచి, తీసేసి, పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "పాయసం సల్లారుతది, తిను."

మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఇంకో రెండేళ్లున్నాం. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, రోజూ చెప్పాలనుకుని నేనూ చెప్పలేదు. చేప నోరు తెరిచి మూసే రెప్పపాటు కాలాన్ని వంద ముక్కలు చేసి కొలిచినదాన్ని నేను. ఆ పేజీ మీద ఆమె చెయ్యి ఎంతసేపు ఉందో మాత్రం ఇప్పటికీ కొలవలేను. నాకది ఇంకా అక్కడే ఉంది.