మొక్క లేని పాదు

ఆ వయసులో, చదివిన ప్రతి సంగతీ ఎప్పుడో ఒకప్పుడు నా కళ్ళ ముందు జరిగి తీరుతుందని నా నమ్మకం. ఇంటర్‌తో చదువు ఆగింది గానీ, సంగారెడ్డి లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివేశాను (రెండు అరలు చెదలు తిన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి). ఆ ధైర్యంతోనే బొల్లారంలో ఒక చిన్న మందుల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరాను. మూడు నెలలు చూసి పర్మినెంటు చేస్తామన్నారు.

మొదటి వారమే నా జ్ఞానం అక్కరకొచ్చింది. ఆఫీసు గోడ వెనక ఇటుకలు పేర్చిన చిన్న గుంటలో, తోటపని చేసే అత్త (అందరికీ అత్తే) రోజూ రెండు బకెట్ల నీళ్ళు పోసేది. అందులో మొక్క లేదు, మొలక లేదు. ఎందుకని అడిగితే, "ఏమో బిడ్డా, పనిల చేరిన్నాడు పొయ్యమన్నరు, పోస్తున్న" అంది. అసలే ఎండాకాలం. నీటి పొదుపు మీద చదివిందంతా ఆమెకు ఒప్పజెప్పాను. "గంత సదివినోనివి, నువ్వు చెప్తె నిజమే ఉంటది" అని ఆమె ఆ రెండు బకెట్లూ గులాబీలకు మళ్ళించింది. గులాబీలు విరగబూశాయి. అటు వెళ్ళినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, పక్కన మందులు తయారుచేసే షెడ్డులోని తూకం మిషను కేబుల్‌ని కంప్యూటర్ వెనక పోర్టులో పెడుతుంటే టప్‌మని నీలం రవ్వ ఎగిరింది. పక్కనున్నవాళ్ళు వెనక్కి దూకారు, నేను ముందుకు దూకాను. స్థిర విద్యుత్తు! పుస్తకంలో బొమ్మతో సహా చూసిందే. ఆ సంబరంలో దువ్వెన తలకు రుద్ది, కాగితం ముక్కలు లేపి అందరికీ చూపించాను. ఆ రోజు నుంచి ఆఫీసులో నా చట్టమే నడిచింది. పాలిస్టర్ చొక్కాలు బంద్, చెప్పులు బయటే, కంప్యూటర్ ముట్టే ముందు కిటికీ ఊచ ముట్టాలి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మా మేనేజర్ సారు కూడా బూట్లు విప్పి, గుళ్ళో గంటను తాకినట్టు ఊచను తాకి, కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేశారు. మరుక్షణం కూలబడ్డారు (కుర్చీ ఆయన అనుకున్న చోట లేదు).

"ఏమయ్యా, బూట్లున్నప్పుడు రవ్వే వచ్చేది. విప్పాక లాగి కొడుతోందేంటి?"

"పుస్తకంల గట్ల లేదు సార్" అన్నాను.

"అయితే ఆ పుస్తకం రాసినాయన్ని పిలువు. ఆయన రాకపోతే కరెంటు కాకాని పిలువు."

కరెంటు కాకా ఆ కంపెనీకి మొదట వైరింగ్ చేసిన ముసలాయన, పటాన్‌చెరులో ఉండేవాడు. నా ఉపన్యాసం పూర్తిగా విన్నాడు. కంప్యూటర్ వైపు చూడనైనా చూడకుండా గోడ వెనక్కి పోయి, గుంట దగ్గర కూర్చుని మట్టి గిల్లాడు. దుమ్ము లేచింది.

"గీ గుంటల నీళ్ళెవరు బంద్ జేసిన్రు? ఇది ఆఫీసు ఎర్త్. ఉప్పు, బొగ్గు ఏసి పైపు పాతిన. తడి ఉంటెనే కరెంటు భూమిలకు దిగుతది. షెడ్డు ఎర్త్ మంచిగనే ఉంది, గిది ఎండింది. రెండిటి నడుమ తీగ కలిపితే రవ్వ రాదా? చెప్పులిడిస్తే ఇగ మీరే ఎర్త్."

మేనేజర్ సారు అత్త వైపు తిరిగారు. "రెండు బకెట్లు పోయడానికి బద్ధకమా? రేపట్నుంచి రానక్కర్లేదు."

అత్త నా వైపు చూడను కూడా చూడలేదు. "మర్సిపోయిన సారూ" అంది.

నా పర్మినెంటు కాగితం ఆయన బల్ల మీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. అయినా నోరు విప్పాను.

"ఆమె మర్వలేదు సార్. నీళ్ళు దండగని నేనే బంద్ చేపిచ్చిన."

సారు నన్నూ తన ఉత్తి పాదాలనూ మార్చి మార్చి చూశారు. ముందు కాకా నవ్వాడు, తర్వాత ఆయనకూ తప్పలేదు. సంతకం పెట్టాక, నా పనుల కింద చేత్తో ఒక వరుస చేర్చారు: గుంటకు రోజూ రెండు బకెట్లు. నేను మొదటి బకెట్ మోసుకెళ్తుంటే అత్త పక్కనే నడిచింది. "బిడ్డా, గులాబీల గురించి గూడ ఏమన్న సదివినవా?" అంది. "సదివితే నాకు చెప్పకు."

ఇప్పుడు రుద్రారం దగ్గర ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నీ నేనే చూసుకుంటాను. ఇక్కడ కొత్తరకం ఎర్త్ వేశారు, దానికి నీళ్ళు అక్కర్లేదట. పుస్తకంలోనే చదివాను. చదివాను కాబట్టే, పొద్దున రాగానే ఎవరూ చూడకుండా ఒక బకెట్ పోసి వస్తున్నాను.