గంజి తీస్తే కనబడ్డ డుమ్మస్

మూఢం వచ్చిందంటే మా సిరిసిల్లలో ఫోటో స్టూడియోవాడికి ఈగలు తోలుకోవడమే పని. ముహూర్తాలుండవు, పెళ్ళిళ్ళుండవు, ఆల్బమ్‌లుండవు. అలా కూర్చుని ఉన్న ఒక ఆదివారం పొద్దున సూరత్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్క, బావ పాతికేళ్ళ కింద మరమగ్గాల పనికి అక్కడికి వెళ్ళి వడోద్ అనే పేటలో ఉండిపోయారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మౌనిక అక్కడే పుట్టి పెరిగింది. ఆర్నెల్లుగా పాండేసరాలో బట్ట మీద బొమ్మలు అచ్చువేసే ఒక కార్ఖానాలో డిజైన్ పని నేర్చుకుంటోంది.

సంగతేమిటంటే, డుమ్మస్ సముద్రం దగ్గర కొత్తగా కడుతున్న ఒక హోటల్‌వాళ్ళు కిటికీ తెరల మీద సూరత్ దృశ్యం కావాలని ఆ కార్ఖానా సేఠ్‌ను అడిగారట. పని నేర్చుకుంటున్న ముగ్గురికీ సేఠ్ ఒకే మాట చెప్పాడు. శుక్రవారంలోగా ఎవరి బొమ్మ నచ్చితే వాళ్ళకు ఖాయం ఉద్యోగం, మిగిలిన ఇద్దరూ ఇంటికి. ఇంటికి అంటే మౌనికకు అక్కడ ఏముంది? వాళ్ళమ్మ పక్కన నేల మీద కూర్చుని చీరలకు రాళ్ళు అంటించడమే. ఆ పిల్ల డుమ్మస్‌లో తీసిన ఫోటో చూపిస్తే సేఠ్ ‘ఫీకా’, వెలిసిపోయినట్టుంది అని పక్కన పడేశాడట.

"నువ్వొచ్చి జర చెయ్యి పెడితే పిల్ల పని ఒడ్డెక్కుతది తమ్మీ. ఇరవై రెండేండ్ల సంది ఫోటోలే గదా నీ బతుకు," అంది అక్క. నన్ను పొగిడితే నేను ఎక్కడికైనా వెళతాను. తత్కాల్‌లో స్లీపర్ టికెట్ దొరకడం ఇంకా సంతోషం.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి సిరిసిల్లలో బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, ఏడు కావస్తుండగా రామగుండం స్టేషన్ చేరాను. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట, అన్నం మూట ఇంటి దగ్గరే కట్టించుకోండి. నేను చపాతీలు, వెల్లుల్లి కారం తెచ్చుకున్నాను. ప్లాట్‌ఫారం మీద మెడలో కెమెరా వేసుకుని అటూ ఇటూ తిరిగాను గానీ తీయడానికి ఏమీ తోచలేదు. పైన బూడిద రంగు ఆకాశం, కింద బూడిద పట్టిన రేకులు. ఫోటోకు పనికిరాని ఊరు అనుకుని కెమెరా సంచీలో పెట్టేశాను. ఎనిమిదిన్నరకు అహ్మదాబాద్ బండి వచ్చింది.

ఎదుటి బెర్తులో జగిత్యాల వైపు ఆమె, కొడుకు దగ్గరికి పోతోంది. కాళ్ళ దగ్గర చింతపండు బస్తా. సూరత్‌లో ఏం చూడబోతున్నావని అడిగితే, చూడ్డానికి కాదు, ఒక ఫోటో బాగుచేయడానికి అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఫోటో బాగుచేసుటానికి రైలెక్కాల్నా బిడ్డా?" అని బస్తాకు తల ఆనించి పడుకుంది.

పొద్దున భుసావల్‌లో అరటిపండ్లు కొన్నాను. నందుర్‌బార్ దాటాక ఎండ మండిపోయింది. ఒంటిగంటన్నరకు సూరత్‌లో దిగాను. స్టేషన్ నుంచి వడోద్‌కు మనిషికి ఇంత అని ఎక్కించుకునే ఆటోలు ఉంటాయి. ఇరుక్కుని కూర్చోగలిగితే అదే చవక. పాండేసరా దాటాక వీధి వీధినా మగ్గాల చప్పుడు మొదలైంది, సిరిసిల్లవాడికి అదేం కొత్త కాదు. వడోద్ సందులో దిగి అడిగితే కిరాణా కొట్టాయన తెలుగులోనే దారి చెప్పాడు.

అక్క పచ్చిపులుసు చేసి ఉంచింది. తింటుండగానే మౌనిక కార్ఖానా నుంచి వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. చూశాను. నా మేనకోడలని ముఖం మార్చుకోలేదు గానీ, సేఠ్ అన్నది తప్పేం కాదు. సముద్రం వెనక్కి పోయాక మిగిలిన బురద, దాని మీద తెల్లగా కమ్ముకున్న పొగమంచు, దూరంగా హజీరా ఫ్యాక్టరీల చిమ్నీలు గీతల్లా, మధ్యలో వలలు కట్టే కర్రలు వరసగా. అంతా ఒకటే మసక. ఫోన్ తన తెలివి వాడకుండా పడ్డది పడ్డట్టు దాచే పద్ధతిలో పిల్ల తీసిందట, ఏదో వీడియో చూసి నేర్చుకుందట.

"పెద్ద ఫైలు ఉంది మామా. ఇందులో ఏదో ఉంది అనిపిస్తుంది, పర్ నాకు బయటికి తీయ వస్తలేదు," అంది.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. నా దగ్గర ‘ఆకాశాలు’ అని ఒక ఫోల్డర్ ఉంది. ఇరవై రెండేళ్ళుగా పోగేసినవి, రెండు వందల పైచిలుకు ఆకాశాలు. మా జిల్లాలో ఏ పెళ్ళి ఆల్బమ్ తీసినా పెళ్ళికూతురి వెనక ఉండేది వీటిలో ఒకటే. పావుగంటలో డుమ్మస్ మీద పొగమంచు కోసేసి మంచి ఎర్రటి సాయంత్రం అతికించాను. చిమ్నీలు తుడిచేశాను. దూరంగా ఉన్న నీళ్ళు నీలంగా చేశాను. అక్క చప్పట్లు కొట్టింది. మౌనిక కాసేపు చూసి, బాగుంది మామా అంది. ఆ ‘బాగుంది’లో బలం లేదని నాకప్పుడు తెలియలేదు.

బుధవారం పదింటికి ఇద్దరం కార్ఖానాకు వెళ్ళాం. దారిలో లోచో తిన్నాం, సెనగపిండి ఆవిరి మీద ఉడికించి పైన నూనె, కారప్పూస వేసి ఇస్తారు. సూరత్ వచ్చి అది తినకుండా వెళ్ళకండి. సేఠ్ యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. నా బొమ్మ చూసి ఒక్కటే అడిగాడు.

"ఆ క్యాంనుం ఛే?"

ఇదెక్కడిది అని. డుమ్మస్ అని మౌనిక చెప్పింది. ఆయన తెర మీద వేలు పెట్టి కర్రల నీడలు చూపించాడు. నేను పెట్టిన సూర్యుడు ఎడమవైపు ఉన్నాడు, నీడలూ ఎడమవైపే పడ్డాయి. ఇలాంటిది పెళ్ళి పందిట్లో ఎవరూ చూడరు. ఆయన చూశాడు. హోటల్‌వాళ్ళు సూరత్ అడిగారు, ఇది ఏ ఊరూ కాదు, ఇంకొక్క సారే చూస్తాను అని హిందీలో చెప్పి లేచిపోయాడు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు మౌనిక మెల్లగా అంది, "నాకు నిన్ననే డౌట్ వచ్చింది మామా. నువ్వు పెద్దోనివి గదా అని అనలే."

సిగ్గుతో చచ్చిపోయాను. దానికి మిగిలిన రెండు అవకాశాల్లో ఒకటి నా గొప్ప కోసం తగలేశాను. ఆ రోజంతా అక్క ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం ఏడున్నరకు బావ షిఫ్టు దిగి వచ్చాడు. చెవుల్లో ఇంకా మగ్గం మోగుతుందేమో, బావ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు. జరిగింది విన్నాడు. నా ఎర్ర ఆకాశం ఒకసారి చూసి పక్కకు నెట్టాడు. అసలు ఫోటో అడిగి, ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"గిది కోరా బట్ట లెక్కున్నది," అన్నాడు. "మగ్గం మీదికెల్లి దిగిన బట్ట గిట్లనే మబ్బుగుంటది. నూలుకు పట్టిచ్చిన గంజి అట్లనే ఉంటది గదా. ముందుగాల గంజి దీస్తరు, అటెన్క రంగు. నువ్వు గంజి దియ్యకుంటనే రంగు పూసినవ్ బామ్మర్ది. గది పడ్తదా?"

సిరిసిల్లలో పుట్టి, గంజి వాసన పీలుస్తూ పెరిగి, ఈ ముక్క నాకు తట్టలేదు. మౌనిక మాత్రం నవ్వింది, ఆ రోజు మొదటిసారి. అయితే దాని అసలు రంగేదో ముందు చూడాలి, రేపు డుమ్మస్ పోదాం అంది.

గురువారం ఆరింటికి బయల్దేరి, రెండు సిటీ బస్సులు మారి ఏడున్నరకు డుమ్మస్ చేరాం. ఆటు వేళ, నీళ్ళు చాలా దూరం వెళ్ళిపోయాయి. నల్ల ఇసుక, బురద, పొగమంచు, అచ్చం ఫోటోలాగే. ఈ మసకలో ఏముందని ఇంత దూరం వచ్చామా అనిపించింది. కానీ మౌనిక కదల్లేదు. కొంచెంసేపటికి ఎండ ఏటవాలుగా పడింది. తడి బురద వంకాయ తొక్క రంగులోకి మారింది. అలలు వదిలిపోయిన గీతలు వరసవరసలుగా తేలాయి, ఒక్కో గీత అంచున రాగి మెరుపు. హజీరా చిమ్నీల వెనక ఆకాశం లేత గోధుమ రంగు. ఎర్రా లేదు, నీలమూ లేదు. మౌనిక ఏ రంగుకు ఏ పేరో నోటు పుస్తకంలో రాసుకుంటోంది. నేను కెమెరా తీయబోతే వద్దంది.

"ఫోటో నా దగ్గర ఉంది మామా. నువ్వు చూడు, అంతే."

ఇరవై రెండేళ్ళలో నాకు ఎవరూ చెప్పని మాట అది. చూశాను. తిరిగి వచ్చేముందు టమాటా భజియా తిన్నాం. సెనగపిండిలో ముంచిన టమాటా చక్రం మీద పచ్చ చట్నీ, నోరు కాలుతుంది, జాగ్రత్త.

మధ్యాహ్నం నుంచి పని. ఈసారి మౌనిక చేసింది, నేను పక్కన కూర్చుని మెళకువలు చెప్పాను. ముందు వంకరగా ఉన్న ఆకాశం అంచు సరిచేశాం. తర్వాత పొగమంచు కొద్దికొద్దిగా పలచన చేశాం. దీనికి మేం పెట్టుకున్న పేరు గంజి తీయడం. మొత్తం తీస్తే డుమ్మస్ కాకుండా పోతుంది, అందుకే దూరంలో కాస్త ఉంచాం. ఫోన్ వేసిన నీలిఛాయ తగ్గించి పొద్దున చూసిన గోధుమ రంగుకు తెచ్చాం. ఆ తర్వాత నల్లగా ఉన్న బురదలోకి వెలుగు మెల్లగా జరిపాం. అక్కడే అక్క పరుగెత్తుకొచ్చింది, నేనలా అరిచాను మరి. ఆ నలుపులోనే ఉన్నాయి గీతలన్నీ, వందలు. రాగి మెరుపుతో సహా ఉన్నాయి. మేం ఒక్కటీ కలపలేదు. సగం ఆకాశం కత్తిరించి బురదకే చోటిచ్చాం. చిమ్నీలు తీసేద్దామా అని అలవాటుకొద్దీ అడిగాను. అవి లేకుంటే డుమ్మస్ అని ఎట్ల తెలుస్తుంది మామా అంది, అవి ఉండిపోయాయి.

శుక్రవారం పదకొండింటికి అచ్చు. మిషన్ ముందుగా కాగితం మీద వేస్తుంది. ఆ కాగితం చూశాను. రంగులన్నీ చచ్చి ఉన్నాయి, బూడిదలో ముంచినట్టు. రంగు పెంచు, పెంచు అని మౌనిక చెయ్యి పట్టుకున్నాను. అది చెయ్యి విడిపించుకుంది.

"ఆగు మామా. కాగితం మీద గిట్లనే ఉంటది. వేడి తగలాలె."

కాగితాన్ని తెల్ల బట్టతో జతచేసి, కాలే పెద్ద రోలరు కిందకి పంపారు. అవతలి వైపు కాగితం ఊడి బట్ట బయటికి వచ్చింది. వంకాయ రంగు బురద, రాగి గీతలు, వలల కర్రలు, మసక చిమ్నీలు, నిన్న పొద్దున మేం నిలబడ్డ చోటు గజాలు గజాలుగా వస్తోంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

సేఠ్ వచ్చి బట్టను కిటికీకి అడ్డంగా పట్టించాడు. వెనక నుంచి వెలుగు పడింది. చాలాసేపు చూశాడు.

"ఆ తో ఆపణుం డుమ్మస్ ఛే."

ఇది మన డుమ్మస్సే అని. అంతే. ఉద్యోగం ఊసెత్తలేదు. హోటల్‌వాళ్ళకు పంపుతాను, వాళ్ళు చెప్పాలి అని బట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. మొదటి గజం ముక్క మౌనిక నా సంచీలో పెట్టింది.

నా బండి అర్ధరాత్రి దాటాక. స్టేషన్‌కు బావ వచ్చి ఎక్కించి వెళ్ళాడు. పడుకున్నాను గానీ, ఆ పిల్లకు ఒక అవకాశం తక్కువ చేసింది నేనే కదా అన్న ముల్లు గుచ్చుతూనే ఉంది. భుసావల్ దాటింది, అరటిపండ్లు కొనబుద్ధి కాలేదు. పదకొండింటికి ఫోన్ మోగింది. మౌనిక. హోటల్‌వాళ్ళకు నచ్చిందట. సోమవారం నుంచి దాని పేరు హాజరు పట్టీలో ఉంటుందట. ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. అమ్మ ఏడుస్తోంది మామా, రాళ్ళన్నీ కింద పోసేసింది అని చెప్పి తనూ ఏడ్చింది. నేనూ ఏడిస్తే ముగ్గురం ఏడ్చినట్టవుతుందని, జర ఆ రాళ్ళు ఏరుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ సంబరంలో బట్ట ముక్క తీసి ఒళ్ళో పరుచుకున్నాను. పక్క సీటు మనిషి వంగి చూశాడు. మంచిర్యాల ఆయన, హజీరా పక్కన ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పని. ఇది ఏ దేశం అని అడుగుతాడనుకున్నాను.

"డుమ్మస్," అన్నాడు. చేత్తో తడిమాడు. "పదిహేనేండ్ల సంది ఉంటున్న. రోజు ఆ చిమ్నీల కిందనే పని. గిట్ల ఉంటదని ఎన్నడు సూడలే."

భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి ‘ఆకాశాలు’ ఫోల్డర్ మీద వేలు పెట్టాను. ఇరవై రెండేళ్ళ పోగు, మనసు పీకింది. అయినా తీసేశాను. మూఢం పోగానే వచ్చే పెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

ఐదున్నరకు రామగుండం. పైన అదే బూడిద రంగు ఆకాశం, కింద అవే బూడిద పట్టిన రేకులు. బస్సుకు ఇంకా టైముంది. సంచీ కింద పెట్టి కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కెమెరా బయటికి తీశాను.