చీమలు పట్టిన మాడ్యూల్

2008 ఎండాకాలం. బేతంచెర్లలో నా ఆటో ఎలక్ట్రికల్ షాపు రైల్వేస్టేషనుకు పోయే దారిలో ఉండేది. నాపరాయి తవ్వడం, కోయడం, పాలిష్ పట్టడం, లారీలకెత్తడం, ఇదే మా ఊరి బతుకు. నా షాపు ముందు లారీ ఆగిందంటే సెల్ఫ్ మోటారో, డైనమోనో, రాతిదుమ్ము మింగిన స్విచ్చో అయి ఉండాలి. ఇరవై ఏళ్లు అవే చూసీ చూసీ, లారీలో నాకు తెలియని వైరంటూ లేదని గట్టిగా నమ్మేశాను. అట్లా నమ్మినవాడి పొగరు దించడానికి పైవాడు ఒక బండిని పంపిస్తాడు. నాకు మద్దిలేటి టిప్పరును పంపించాడు.

మద్దిలేటి చాలా ఏళ్లు ఒకరి లారీల మీద డ్రైవరుగా పనిచేసి, చివరికి సొంతంగా ఒక బండి కొనుక్కున్నాడు. కాలువ పనులు ముగించుకున్న ఒక కాంట్రాక్టరు వేలం వేసిన విదేశీ టిప్పరు అది. అప్పటికే పదేళ్ల పాతది. అయినా ఊళ్లోకి వచ్చిన రోజు జనం ఏనుగును చూసినట్టు చుట్టూ తిరిగి చూశారు. గనిలో పనికిరాని రాయిని బయటికి తోలే పని కుదిరింది. మూడు నెలలు తిరక్కుండానే బండికి పిచ్చి పట్టింది. ఎవరూ నొక్కకుండానే హారను మోగేది. మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద వైపర్లు ఊగేవి. ఇండికేటరు వేస్తే హెడ్‌లైట్లు ఆరిపోయేవి.

మొదటిసారి తెచ్చినప్పుడు హారను రిలే మార్చాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే బుల్లి డబ్బా. బండి నోరు మూసుకుంది. నేను మీసం దువ్వుకున్నాను. నెలకు మళ్లీ వచ్చాడు. అదనంగా పెట్టించుకున్న రంగు లైట్లే కారణమని వాటిని పీకించి, నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపాను. మళ్లీ నెలకు వచ్చాడు. ఈసారి పక్కన భార్య సుంకమ్మ కూడా ఉంది.

"బాషన్నా, అమావాస్య అమావాస్యకూ దీనికి పూనకం వస్తాండాది," అన్నాడు మద్దిలేటి గొంతు తగ్గించి. "రెండు మూడు దినాలు ఆడతాది. మళ్లా దానంతట అదే సల్లబడతాది. కాలువ కాడ యాక్సిడెంటు చేసిన బండేమో అంటాండారు అందరూ."

నేను పకపకా నవ్వాను. "ఇరవై నాలుగు వోల్టుల బండికి పూనకమేందప్పా? దయ్యానికి వేరే పని లేదా, వైపర్లు తిప్పుకుంటా కూర్చునేకి?"

సుంకమ్మ నవ్వలేదు. "నీకు నవ్వులాటగా ఉండాది కదన్నా. నిన్న ఇది గని దిగుడులో ఉండంగా లైట్లు పోయినాయి. నెల లోపల బాగు కాకుంటే మళ్లా లోపలికి రానీనని మేనేజరు దీన్ని బయటికి పంపి గేటుకు గొలుసు కట్టేసినాడు. ఈయప్ప ఇంగ దీన్ని తెగనమ్మి, మళ్లా ఇంగొకరి లారీ ఎక్కల్ల. ఇంత వయసులో మళ్లా క్లీనరును పిలిచినట్టు పిలిపించుకోల్ల."

మద్దిలేటి తల వంచుకుని చక్రం మీది మట్టిని గోటితో గీకుతూ నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. నేను రెండుసార్లు బాగు చేశానని చెప్పుకున్న బండి అది. వాళ్ల బతుకు దాని మీద ఉంది.

"నెల లోపల నేను చూస్తా," అన్నాను. ఎట్లా చూస్తానో నాకే తెలియదు.

ఆ రోజు మొదటిసారి డ్రైవరు కుడికాలి పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పాను. లోపల అరచేతి కన్నా కాస్త పెద్దగా ఒక నల్లడబ్బా. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు దాన్ని. మామూలు పాత లారీలో స్విచ్చు నుంచి లైటుకు వైరు నేరుగా పోతుంది. ఈ బండిలో అట్లా కుదరదు. స్విచ్చు నొక్కితే ఆ కబురు ముందు ఈ డబ్బాకు చేరాలి. అది సరేనంటేనే హారనైనా, లైటైనా, వైపరైనా. పెళ్లింట్లో ప్రతి పనికీ పెద్దత్తను అడగాల్సి వచ్చినట్టు. పెద్దత్తకు మతి చలిస్తే పెళ్లి ఏమవుతుందో, ఆ టిప్పరుకు అదే అయింది.

బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి, కనెక్టరు లాగాను. అందులోంచి ఎర్రచీమలు బిలబిలమంటూ నా చేతి మీదికి ఎక్కాయి. డబ్బా విప్పి చూస్తే లోపలి సర్క్యూట్ బోర్డు మీద పచ్చగా చిలుము. సన్నటి రాగి గీతలు అక్కడక్కడా తినేసినట్టు ఉన్నాయి. వేలితో తాకితే జిగురు.

"ఏమప్పా, క్యాబిన్లో కూర్చొని టీ ఒలకబోస్తాండావా?" అని గద్దించాను.

"నాకు షుగరుండాది బాషన్నా. టీలో చక్కెర ఏసుకోక రెండేండ్లయింది!"

"అయితే బెల్లం తింటాండావా?"

"బెల్లం ముట్టుకుంటే ఈమె నా చెయ్యి ఇరగ్గొడతాది," అని భార్యను చూపించాడు. సుంకమ్మ అవునన్నట్టు తలూపింది. చీమల సంగతి నాకు అంతుపట్టలేదు. ఎవడో క్లీనరు మిఠాయి తిని ఉంటాడులే అని వదిలేశాను. అది నేను చేసిన మూడో తప్పు.

ఆ బోర్డు బాగుపడేది కాదు. కొత్తదాని కోసం మూడు వారాలు అడిగి చూస్తే, విదేశం నుంచి రావాలంటే నెలలు పడుతుందన్నారు. పాత డబ్బాను జేబురుమాలులో చుట్టుకొని హైదరాబాదు రైలెక్కాను. విదేశీ బండ్ల పాత సామాను అమ్మే దుకాణాలు తిరిగి తిరిగి, సరిగ్గా అదే నంబరున్న మాడ్యూల్ పట్టుకున్నాను. చూపుకు ఒకే రకంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, పైన రాసిన నంబరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. దాన్ని తెచ్చి తగిలించినంతనే పని కూడా కాదు. ఏ బండికి ఎన్ని లైట్లు, ఎట్లాంటి వైపరు అన్నీ అందులో రాసి ఉంటాయి. కంప్యూటరు పెట్టి పాతదాంట్లోని రాతను చదివి ఇందులో రాయాలి. కోడింగ్ అంటారు. పాతది చచ్చినా జ్ఞాపకం మాత్రం బతికే ఉండటం మా అదృష్టం. అక్కడి కుర్రాడు పది నిమిషాల్లో ఆ పని చేసిపెడితే, నేను నోరు తెరుచుకొని చూస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు రైల్లో సంచిని ఒడిలోంచి దించలేదు.

గడువుకు ఒక్క రోజు ముందు, ఆదివారం పొద్దున టిప్పరులో దాన్ని బిగించాను. కనెక్టర్లు కడిగి, ఆరబెట్టి, పిన్నులు ఒక్కొక్కటీ గీకి తగిలించాను. తాళం తిప్పాను. హారను నొక్కితే మోగింది, వదిలితే ఆగింది. కుడి ఇండికేటరు కుడివైపే వెలిగింది. వైపర్లు బుద్ధిగా పడుకున్నాయి. మద్దిలేటి ఒక్కో స్విచ్చూ నొక్కి చూసి, పరీక్ష పాసైన పిల్లాడిలాగా గట్టిగా నవ్వాడు. నాకూ గాలిలో తేలినట్టుంది.

"ఈ పొద్దు అమావాస్య. పూజ చేసి తీసకపోతా," అన్నాడు.

లారీల వాళ్లకు అమావాస్య పూజ మామూలే. బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, ముందర టెంకాయ కొడతారు. నేను వందసార్లు చూశాను. పక్కకు జరిగి బీడీ ముట్టించాను. మద్దిలేటి బంపరు దగ్గర టెంకాయ కొట్టాడు. రెండు చిప్పల్లో నీళ్లు ఒలకకుండా పట్టుకుని, భక్తిగా క్యాబిన్ ఎక్కాడు. డ్రైవరు సీటు ముందర, డ్యాష్‌బోర్డు కుడి మూలన, దేవుడి పటం పక్కన చిప్ప వంచబోయాడు.

నా బీడీ కింద పడింది. "అయ్యో, ఆగప్పా! పొయ్యొద్దు! ఆగు!"

చిప్ప వంగినట్టే వంగి ఆగింది. నేను ఒక్క గెంతులో ఎక్కి ఆ మూలన చూశాను. అద్దానికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య వేలెడు సందు. ఆ సందులోంచి వైర్ల కట్ట నేరుగా కిందికి, నేను ఇందాకే బిగించిన మాడ్యూల్ మీదికి. అమావాస్య పూనకం, మూడో రోజుకు చల్లబడటం, ఎర్రచీమలు, జిగురు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందు నిలబడ్డాయి. తీపినీళ్లు దిగినప్పుడు బండి ఆడేది. ఎండకు ఆరితే ఊరుకునేది.

ఇప్పుడు అసలు కష్టం వచ్చింది. ఎదుటివాడు చేతిలో ప్రసాదం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పాల్సిన నేను మసీదుకు పోయేవాణ్ణి. నీ పూజే నీ బండిని చంపింది అని ఏ నోటితో చెప్పను? అయినా చెప్పాను. మెల్లగా, వైర్లు చూపిస్తూ, దేవుడి పేరు ఎత్తకుండా, నీళ్ల దారి మాత్రమే చెప్పాను.

మద్దిలేటి ముఖం వాడిపోయింది. "మంచిదని పోసినా కదన్నా," అన్నాడు. "బండి తోలేటోడు కూర్చునే కాడ పోయల్లని మా మామ చెప్పినాడు. నెల తప్పకుండా పోసినా."

కింద నిలబడ్డ సుంకమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"మా నాయన మాట ఇని బండిలోపల పోసినావా? మా నాయన జన్మంతా తోలింది ఎద్దుల బండిని కదప్పా! ఆ బండికి లోపలేముండాది, కట్టెలు, గడ్డి! దానికి పోస్తే కట్టె తాగతాది. దీనికి పోస్తే ఇదిగో, ఈయన్న హైదరాబాదు పోవల్ల!"

మద్దిలేటి చిప్పలు పట్టుకుని అట్లే చూశాడు. తరువాత అతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకు చిప్పలో నీళ్లు నా చొక్కా మీద ఒలికాయి. "దేవుడు ముందర చక్రం కాడ పోస్తే ఒద్దంటాడా?" అంది సుంకమ్మ. ఆమె మాటే ఖాయమైంది. నీళ్లు ముందు చక్రానికి పోశారు. కొబ్బరి ముగ్గురం పంచుకుని తిన్నాం. షుగరున్నాయన రెండు ముక్కలు ఎక్కువ తిన్నా ఆ రోజు సుంకమ్మ చూడనట్టే ఊరుకుంది.

సోమవారం నేనూ గనికి పోయాను. మేనేజరు ప్రతి లైటూ వేయించి చూసి గొలుసు విప్పాడు. మొదటి లోడు ఎత్తుకుని టిప్పరు ఎక్కుడు ఎక్కి వస్తుంటే, స్టీరింగ్ వెనక మద్దిలేటి వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు. యజమానికి అంత తీరిక ఉండదు మరి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తరువాతి అమావాస్య వచ్చింది, పోయింది. ఆ తరువాతిదీ పోయింది. బండి కిక్కురుమనలేదు.

ఆ కేసులో నేను నేర్చుకున్నది మాడ్యూల్ మార్చడం కాదు. అది ఎవరైనా నేర్చుకోవచ్చు. నేను మూత విప్పకముందే మద్దిలేటి నాకు జవాబు చేతికిచ్చాడు, అమావాస్యకే వస్తుందని, మూడు రోజుల్లో పోతుందని. పూనకం అన్న ఒక్క మాటకు నవ్వి, మిగతాదంతా నేను పారేశాను. అతను చెప్పిన కారణం తప్పు. అతను చూసింది మాత్రం అక్షరాలా నిజం. వైర్లు చదివినవాణ్ణి నేనే కావచ్చు, పగలూ రాత్రీ ఆ బండితో బతికేది అతను. ఆ తరువాత నా షాపుకు వచ్చి ఎవరైనా బండికి దయ్యం పట్టిందంటే, నవ్వడం మానేసి స్టూలు వేసి కూర్చోబెట్టి అడుగుతున్నాను: "ఏ దినం పట్టిందప్పా? అంతకు ముందు దినం నువ్వేం చేసినావు?"