చూపు మీద ఉపన్యాసం

ఇంగ్లీషు మాస్టారిని టైమెంతైందని అడిగితే గంట గడిచిపోయేది. ‘వాచ్’ అన్న మాటకి అసలు అర్థం మేలుకొని ఉండటమని మొదలుపెట్టి, కాపలావాళ్ళ మీదుగా చేతి గడియారం దాకా వచ్చేసరికి క్లాసులో మేలుకొని ఉన్నవాడు ఒక్కడూ మిగిలేవాడు కాదు. పిల్లలు చాటుగా ఆయన్ని ధాతువు మాస్టారనేవారు. ఆయన అది బిరుదనుకున్నారు.

రిటైరయ్యాక ఆ ధారంతా ఇల్లాలి మీద పడింది. సాయంత్రం షికారుకి ఆయన నాలుగడుగులు ముందు, ఆవిడ వెనక. ఆయన నోటికి తాళం ఉండేది కాదు.

"‘సీ’ అంటే ఉత్త చూడటమే అనుకుంటారు వెర్రిబాగులవాళ్ళు. మూలంలో దానికి వెంబడించడమనే అర్థం ఉండేదని కొందరు పండితుల ఊహ. కంటితో వెంబడించడమన్నమాట. వింటున్నావా?"

"ఆఁ, వింటున్నా, చెప్పండి."

ఇంత మంచి శ్రోత దొరకడం పూర్వజన్మ సుకృతమని మురిసిపోయేవారు. కాఫీలో పంచదారకి బదులు ఉప్పు పడిన రోజు మాత్రం, "నీకు పనిమీద ధ్యాస లేదు" అని కేకలేసేవారు. ఆవిడ ఇంకో కప్పు కలిపేది.

చివరికి పక్కింటావిడ ఉండబట్టలేక అనేసింది. "అన్నయ్యగారూ, వదినకి చూపు ఆనట్లేదు. నిన్న మా ఇంట్లో తలుపనుకుని గోడని తోసింది. మీరు గమనించలేదా?"

కంటి ఆస్పత్రిలో గోడమీది అక్షరాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని కూడా ఆవిడ పోల్చుకోలేకపోయింది. శుక్లాలు బాగా ముదిరాయనీ, ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చనీ, ఇంకా ఆలస్యం చేస్తే తన చేతుల్లో ఉండదనీ అన్నాడు డాక్టరు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని మాస్టారిని అడిగాడు.

దీపం కింద చీకటంటే ఇదే. ఒక్కో మాటకి వెయ్యేళ్ళ చరిత్ర చెప్పే మనిషి, జవాబు కోసం పెళ్ళాం వైపు చూశారు.

"రెండేళ్ళు దాటింది బాబూ," అంది ఆవిడ.

బయటికొచ్చాక మాస్టారు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, అలవాటు కొద్దీ ముందు నడిచారు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. కాస్త దూరం పోయాక వెనక చెప్పుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ రోడ్డుపక్క గోడ తడుముకుంటూ నిలబడి ఉంది.

"ఏమండీ, ఎక్కడున్నారు? మాట్లాడరేం? ఇన్నాళ్ళూ మీ గొంతు పట్టుకునేగా నడుస్తున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు సందిస్తేగా."

మాస్టారు వెనక్కొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా ఏ మాటకీ అర్థం చెప్పలేదు. "ఇక్కడ గుంత ఉంది" అన్నారు. తర్వాత, "ఇక్కడ మెట్టు" అన్నారు.